గడ్డి బాగుంది, చేర్పించేద్దాం

అమెరికాలో పిల్లల్ని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో వేయాలా వద్దా అని మనవాళ్ల ఇళ్లలో ఈమధ్య టెన్షన్ మరీ ఎక్కువైపోయింది. యూఎస్ న్యూస్ ర్యాంకులు చూస్తారు, ఎక్సెల్ షీట్లు వేస్తారు, గంటల లెక్కన డబ్బు తీసుకునే కౌన్సెలర్ ముందు కుటుంబ సమేతంగా కూర్చుంటారు. ఇదంతా దండగ ఖర్చు. కాలేజీ చూపించే గంటన్నర టూర్‌లో గడ్డి పచ్చగా ఉందా, ఎండ ఎలా కాసింది, గైడ్ కుర్రాడు నవ్వుతూ మాట్లాడాడా, ఈ మూడూ చూసుకుని ఏడాదికి దాదాపు 90 వేల డాలర్ల నిర్ణయం తీసేసుకోవడమే సరైన పద్ధతి. ఎలాగూ చివరికి అందరూ చేసేది అదే కాబట్టి ముందే ఒప్పేసుకుంటే ఎక్సెల్ షీటు శ్రమన్నా తప్పుతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లిబరల్ ఆర్ట్స్ అంటే ఒకే కోర్సుకి కట్టేయకుండా సైన్సు, సాహిత్యం, కళలు అన్నీ కలిపి చెప్పే డిగ్రీ చదువు. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, స్వార్త్‌మోర్, కార్ల్‌టన్, గ్రిన్నెల్, ఓబర్లిన్, రీడ్, ఇలాంటివి ఈ జాతి కాలేజీలు. కొన్ని మరీ పాతవి, విలియమ్స్ అయితే 1793లో పెట్టింది. ఒక్కోదాంట్లో ఉండేది రెండు వేల మంది అటూఇటూ, మహా అయితే మూడు వేలు. మన నాన్నగార్లలో చాలామందికి ఈ పేర్లు తెలియవు, అందులో వాళ్ల తప్పేం లేదు. ఇక్కడ ఎమ్మెస్ దాదాపు ఉండదు. రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్‌తో ఎమ్మెస్‌కి దిగిన మనిషికి, ఎమ్మెస్ లేని కాలేజీ కూడా అమెరికాలో ఉంటుందని, పైగా అందులో సీటు రావడం తను చదివిన యూనివర్సిటీలో సీటు రావడం కన్నా చాలా కష్టమని ఎవరు చెబుతారు? పక్కింటి గుజరాతీ వాళ్లమ్మాయికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

తెలిశాక స్ప్రింగ్ బ్రేక్‌లో వ్యాన్ తీస్తారు. మూడు రాష్ట్రాలు, ఐదు కాలేజీలు, డిక్కీలో పులిహోర.

టూర్ నడిపేది అక్కడే చదివే కుర్రాడో అమ్మాయో. చలిలోనూ నిక్కరు, చేతిలో స్టిక్కర్లతో నిండిపోయిన నీళ్ల సీసా, మొహం మన వైపు, నడక వెనక్కి. వెనక్కి నడుస్తూ గంటన్నర సేపు ఆపకుండా మాట్లాడటం ఈ దేశంలో ఒక విద్య, దానికి గంటల చొప్పున జీతం కూడా ఇస్తారు. మనవాళ్లలో తల్లి అనే ప్రాణి ఉంటుంది, ఆవిడకి ఈ టూర్‌లో ఒక్క ముక్క చెవికెక్కదు. "ఏమండీ, వెనకాల మెట్టుంది, పడిపోతాడేమో చెప్పండి" అని ఆయన్ని మోచేత్తో పొడుస్తూనే ఉంటుంది. ఆ మెట్టు ఎక్కడుందో గైడ్‌కి కంఠతా వచ్చు. ఏం చెప్పాలో అంతకన్నా బాగా వచ్చు. "నేను బయాలజీ అనుకుని వచ్చాను, ఇప్పుడు ఫిలాసఫీ, డాన్స్ డబుల్ మేజర్ చేస్తున్నాను" అంటాడు. చుట్టూ ఉన్న అమెరికన్ తల్లిదండ్రులు ఆహా అని తలలూపుతారు. మన నాన్నగారు మాత్రం గైడ్ వైపు చూడడు, ఆ మాట తన కొడుకు విన్నాడా లేదా అని కొడుకు వైపు చూస్తాడు.

తర్వాత ప్రొఫెసర్ ఇంట్లో భోజనం కథ. అన్ని కాలేజీల్లోనూ ఉంటుంది. మా ప్రొఫెసర్ క్లాసు మొత్తాన్ని ఇంటికి పిలిచారు, వాళ్ల కుక్క పేరు కూడా నాకు తెలుసు అంటాడు గైడ్. మనం లెక్చరర్లకి హాల్‌టికెట్ నంబరుగా మాత్రమే తెలిసిన తరం. ఒక లెక్చరర్ ఇంటికి పిలిచాడంటే ట్యూషన్‌కైనా అయ్యుండాలి, బియ్యం బస్తా మోయడానికైనా అయ్యుండాలి. అందుకే ఈ కథ దగ్గర మనవాళ్ల మనసు కరుగుతుంది. పిల్లాడికి ఇంటి భోజనం దొరుకుతుందన్నమాట అని అమ్మ ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది. ఆ భోజనం ఉడకబెట్టిన చిక్కుడు గింజలు, వట్టి ఆకులు అని ఆవిడకి తెలిసేది మొదటి సెమిస్టర్ మధ్యలో.

నిజానికి ఇలాంటి టూర్లలో మనవాళ్లకున్న అనుభవం ప్రపంచంలో ఎవరికీ లేదు. శంకర్‌పల్లి అవతల వెంచర్ చూడటానికి కంపెనీ కారులో వెళ్లొచ్చిన ప్రతివాడికీ ఇది తెలిసిన వ్యవహారమే. ఎంట్రన్స్ ఆర్చ్, రెండు వైపులా చెట్లు, క్లబ్ హౌస్, "సార్, ఇదిగో ఇక్కడ కొత్త సైన్స్ సెంటర్ వస్తుంది". తేడా అల్లా బేరం దగ్గర. ఇక్కడా బేరం ఉంది, దాన్ని అప్పీల్ అంటారు, అవసరం ఉన్న కుటుంబాలకి నిజంగానే బోలెడంత ఎయిడ్ ఇస్తారు కూడా. కానీ ఇద్దరూ ఐటీ అయితే ఆ అప్పీల్ చదివే మనిషి కళ్లు చెమర్చవు. 2011 నుంచి ప్రతి కాలేజీ తన సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్, అంటే ఎయిడ్ పోను మనకెంత పడుతుందో చెప్పే లెక్క, పెట్టి తీరాలని అక్కడ రూలు. అందులో మనవాళ్లు జీతాలు, ఇల్లు, స్టాకులు అన్నీ నిజాయితీగా కొట్టి ఎంటర్ నొక్కితే ఎయిడ్ దగ్గర సున్నా వస్తుంది. ఎక్కడో తప్పు కొట్టామని మళ్లీ నొక్కుతారు. మళ్లీ సున్నా.

సరే, గడ్డి సంగతికి వద్దాం. స్వార్త్‌మోర్‌లో క్యాంపస్ అంతా కలిపి ఒక వృక్షోద్యానం, చెట్లకి పేరు పలకలుంటాయి. ప్రధాన భవనం ముందు పచ్చిక మీద మనుషులు కూర్చోడానికి కొయ్య కుర్చీలు, వాటితోపాటు మనిషి అందులో చిన్నపిల్లాడిలా కనబడేంత పెద్ద కుర్చీ కూడా ఒకటి. అక్కడికొచ్చిన ప్రతి కుటుంబం ఆ కుర్చీలో ఫొటో దిగుతుంది. దిగాక ఇక ఆ కాలేజీని ఏమీ అనలేరు, ఫొటో అప్పటికే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడింది, భీమవరం నుంచి మేనత్త "సూపర్ ప్లేస్ రా" అని పెట్టేసింది. ఓబర్లిన్‌లో తెల్ల ఉడతలుంటాయి. ఒహాయో పొలాల మధ్య అంత దూరం వెళ్లి, నల్లజాతి విద్యార్థుల్ని 1835 నుంచీ, ఆడపిల్లల్ని డిగ్రీ కోర్సులో 1837 నుంచీ చేర్చుకున్న కాలేజీ ఇదని విని, తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే జనం మొదట చెప్పేది ఉడత గురించే. అదే ఓబర్లిన్‌లో మ్యూజియంలోని అసలు బొమ్మల్ని విద్యార్థులు నామమాత్రం అద్దెకి హాస్టల్ గదికి తెచ్చుకోవచ్చు, 1940ల నుంచీ ఉన్న ఏర్పాటు. పికాసో కోసం పిల్లలు రాత్రంతా మ్యూజియం బయట పడుకుంటారు. మనకి అర్ధరాత్రి క్యూ అంటే తెలిసింది బెనిఫిట్ షో ఒక్కటే కాబట్టి, ఏ హీరోదో అని ముందు ఒక అనుమానం వస్తుంది.

హావర్‌ఫర్డ్ కాలేజీలో పరీక్షలకి కాపలా ఉండదు. ఫైనల్స్‌లో ఏ పరీక్ష ఎప్పుడు రాయాలో చాలావరకు పిల్లలే పెట్టుకుంటారు, కాగితం తీసుకుంటారు, రాస్తారు, ఇచ్చేస్తారు, అంతా ఆనర్ కోడ్ మీద, అంటే కాపీ కొట్టమని పిల్లలిచ్చిన మాట మీద నడుస్తుంది. ఫ్లైయింగ్ స్క్వాడ్ జీపు చప్పుడుకి స్లిప్పులు కిటికీలోంచి విసిరేసిన ఊళ్లో పుట్టి పెరిగిన మనిషికి ఇది వింటుంటే కాళ్ల కింద నేల కదులుతుంది. "మరి ఎవరన్నా కొడితే?" అని అడిగి చూడండి. కొట్టరు అంటాడు గైడ్, చాలా మామూలుగా. నాన్నగారు మళ్లీ కొడుకు వైపు చూస్తాడు.

రీడ్ కాలేజీ పోర్ట్‌లాండ్‌లో ఉంది. అక్కడ మార్కులు వేస్తారు గానీ అడిగితే తప్ప చెప్పరు, చదువు మరీ దిగజారితేనే కబురు పెడతారు. మనకి మార్కులు చెప్పకపోవడమంటే తద్దినం పెట్టి భోజనం పెట్టకపోవడం లాంటిది. ఇక్కడితో మనవాళ్లు లేచి వచ్చేసేవాళ్లే, కానీ సరిగ్గా అప్పుడే గైడ్ అణు రియాక్టర్ గురించి చెబుతాడు. 1968 నుంచీ ఉంది, అండర్‌గ్రాడ్ పిల్లలే లైసెన్స్ తెచ్చుకుని నడుపుతారు. ఫిలాసఫీ చదివే అమ్మాయి కూడా నడపొచ్చు. మార్కులు చెప్పని చోట రియాక్టర్ పిల్లల చేతికిచ్చారన్న ఆలోచన ఎవరికీ రాదు, "హమ్మయ్య, ఏదో ఒక ఇంజనీరింగ్ ఉంది" అని నాన్నగారు ఊపిరి పీల్చుకుంటాడు. స్టీవ్ జాబ్స్ ఇక్కడివాడే అనగానే పూర్తిగా మెత్తబడతాడు. ఆయన ఇక్కడ ఒక్క సెమిస్టర్‌కే మానేశాడన్నది అందరికీ తెలిసిందే, అయినా మానేసినవాడి పేరు చెప్పి చేర్చుకోగల సత్తా ఈ కాలేజీలకే ఉంది. గ్రిన్నెల్ వాళ్లకి రాబర్ట్ నోయిస్ ఉన్నాడు, ఇంటెల్ పెట్టినవాళ్లలో ఒకడు, 1949 బ్యాచ్. పార్టీ కోసం పక్క పొలంలో పందిపిల్లని ఎత్తుకొచ్చినందుకు ఒక సెమిస్టర్ సస్పెండ్ అయ్యాడు పాపం. అయోవా మొక్కజొన్న చేల మధ్య సాయంత్రాలు ఎలా గడుస్తాయో చెప్పడానికి ఇంతకన్నా నిజాయితీగల బ్రోషర్ ఉండదు.

ప్లేస్‌మెంట్స్ ఎలా ఉంటాయి అన్న ప్రశ్న ప్రతి టూర్‌లోనూ మనవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు, అడగకపోతే ఆ టూర్ పూర్తయినట్టు కాదు. గైడ్ ఒక్క క్షణం తికమకపడి, కెరీర్ సెంటర్ ఉన్న భవనం చూపిస్తాడు. తర్వాత మనల్ని సంతోషపెట్టడానికని, మా దగ్గర చదివినవాళ్లు ఎక్కువ మంది పీహెచ్‌డీలు చేస్తారు అంటాడు. ఇది నిజమే, విద్యార్థుల సంఖ్యతో పోల్చి చూస్తే స్వార్త్‌మోర్, రీడ్, కార్ల్‌టన్ లాంటివి పెద్ద పెద్ద యూనివర్సిటీల కన్నా ముందుంటాయి. కానీ నాన్నగారికి వినపడింది ఇంకో ఆరేళ్లు అని మాత్రమే.

ఇక అక్కడ చదివే పిల్లల సంగతి. వాళ్ల అభిప్రాయాలు టూర్‌కి వచ్చినవాళ్ల అభిప్రాయాలకి ఎక్కడా అతకవు, ఎందుకంటే వచ్చినవాళ్లు ఏప్రిల్లో చూస్తారు, చదివేవాళ్లు ఫిబ్రవరిలో ఉంటారు. ఫిబ్రవరిలో గడ్డి ఉండదు, బురద ఉంటుంది. దాని మీద మంచు, మంచు మీద మళ్లీ బురద. కుర్చీలో ఎవడూ కూర్చోడు. టూర్‌లో "ఇక్కడ అందరికీ అందరూ తెలుసు" అన్న మాట అమ్మకి ఎంత నచ్చిందో, రెండో ఏడాది పిల్లకి అంత చిరాకు. బ్రేకప్ అయిన కుర్రాడు రోజుకి మూడు పూటలా అదే డైనింగ్ హాల్లో, అదే సాలడ్ ముందు కనబడతాడు. తప్పించుకుందామంటే ఊళ్లో రెండో వీధి లేదు. వాళ్లు దీన్ని బబుల్ అంటారు, రోజూ తిట్టుకుంటారు, సెలవులకి ఇంటికొచ్చిన నాలుగో రోజు నుంచి ఎప్పుడు వెళ్దామా అని చూస్తారు. అక్టోబర్‌లో ఒక శుక్రవారం విలియమ్స్‌లో పొద్దున్నే గంటలు మోగుతాయి, ఆ రోజు క్లాసులుండవు, అందరూ కొండెక్కడమే. ఏ శుక్రవారమో ముందు చెప్పరు. 90 వేలు తీసుకుని చెప్పా పెట్టకుండా సెలవిస్తే ఇక్కడ మనకి మండుతుంది, పిల్లలు మాత్రం నాలుగేళ్ల తర్వాత కూడా ముందు చెప్పేది ఆ రోజు గురించే. ఆల్జీబ్రా ప్రొఫెసర్ పేరు ఆ తర్వాత.

నా పద్ధతికి పరిశోధనల బలం కూడా ఉంది. యూరి సైమన్‌సన్ అనే పరిశోధకుడు 2010లో ఎకనామిక్ జర్నల్‌లో ఒక పేపర్ వేశాడు. చదువు గట్టిగా ఉంటుందనీ, సరదాలు తక్కువనీ పేరున్న ఒక యూనివర్సిటీని చూడటానికి వచ్చిన 1,284 మంది పిల్లల వివరాలు తీసుకుని, వాళ్లొచ్చిన రోజు ఆకాశం ఎలా ఉందో చూశాడు. మబ్బు ఎక్కువగా పట్టిన రోజు వచ్చినవాళ్లే ఎక్కువగా చేరారు. ఎండ ఫెళ్లున కాస్తుంటే బయట తిరగాలనిపిస్తుంది, మబ్బేస్తే పుస్తకం పట్టుకోవాలనిపిస్తుంది, ఆ పూట ఏమనిపించిందో దాన్నిబట్టే నాలుగేళ్ల లెక్క కట్టేస్తాం అన్నది ఆయన తేల్చిన విషయం. మన ఇళ్లలో ఎలాగూ వర్జ్యం, రాహుకాలం చూసే బయల్దేరతారు, వాటి పక్కన వెదర్ యాప్ కూడా చేర్చుకుంటే సరి. లైబ్రరీ మంచిదనే పేరున్న కాలేజీకి మబ్బు రోజున తీసుకెళ్లండి. బాయ్‌ఫ్రెండ్ చేరుతున్న కాలేజీకి ఎలాంటి రోజున తీసుకెళ్లాలో మీకే వదిలేస్తున్నాను.

ఇంత దూరం ఎందుకు, ఇలాంటి చదువు చెప్పే క్రియా యూనివర్సిటీ 2018లో మన శ్రీసిటీలోనే పెట్టారు, చాక్లెట్ల ఫ్యాక్టరీ, ఏసీల ఫ్యాక్టరీ ఉన్న పారిశ్రామిక వాడలో. అయోవాలో మొక్కజొన్న చేను చూసి మురిసిపోయే మన ఎన్నారైలకి నెల్లూరు వెళ్లేటప్పుడు పక్కనుంచి పోతున్నా తెలియదు. బంధువులని అడిగితే "అక్కడ ఎంసెట్ ర్యాంకుతో ఇస్తారా?" అంటారు. ఇవ్వరు అంటే అయితే డొనేషనా అంటారు. మూడో దారి ఉంటుందంటే నమ్మరు.

టూర్ అయిపోయాక వ్యాన్‌లో మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. తర్వాత పిల్లాడు "ఐ కుడ్ సీ మైసెల్ఫ్ హియర్" అంటాడు. ఈ మాట దేశంలో పదిహేడేళ్ల పిల్లలందరూ అంటారు, మనవాడు నిన్నటి కాలేజీ దగ్గరా అన్నాడు, మధ్యలో ఆగిన గ్యాస్ స్టేషన్ బాగుంటే అక్కడా అనేవాడే. అయినా ఆ మాటతో పని అయిపోయింది. అమ్మ ఎడిసన్‌లో ఉన్న వాళ్ల వదినకి ఫోన్ చేసి చెబుతోంది. "చాలా బాగుంది వదినా, బాత్రూములు కూడా చూశాను, నీట్‌గా ఉన్నాయి. ఏం చదువుతాడా? అదింకా అడగలేదు, రెండో ఏడాది దాకా చెప్పక్కర్లేదంట. మీ తమ్ముడా? ఇక్కడే ఉన్నారు, రెండో ఇల్లు అమ్మితే ఎంతొస్తుందో ఫోన్లో చూస్తున్నారు."