మహారాజశ్రీ ఫుట్ ఓవర్ బ్రిడ్జి గారి సముఖమునకు

మహారాజశ్రీ ఫుట్ ఓవర్ బ్రిడ్జి గారికి, హైదరాబాదు శివారులో ఆరు వరుసల రహదారికి ఇవతల ఇల్లు ఉండి, బస్సుకైనా మందుల దుకాణానికైనా అవతలికే వెళ్లవలసిన ఒక పాదచారి నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేకపోవడానికి కారణమూ కనిపించదు. తమరిని తొక్కేవారు లేరు, తమ మెట్లు అరిగిందీ లేదు. తమ రెండు చెంపల మీదా ఎప్పటికప్పుడు కొత్త ఫ్లెక్సీలు వెలుస్తూనే ఉన్నాయి. ప్రస్తుతం ఒక వైపు ఆకాశహర్మ్యం పైకప్పు మీద ఈతకొలను, రెండో వైపు ఇంటర్ ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫోటోలు. చదవవలసింది కార్లలో వచ్చేవారు కనుక అవి రాత్రంతా దీపాల వెలుగులో ఉంటాయి. ఎక్కవలసింది మేము కనుక మెట్ల దగ్గర దీపం ఉండదు. తమవంటి వారిలో చాలామందిని ప్రకటనల హక్కులకు బదులుగా ప్రైవేటు ఏజెన్సీలే కట్టి ఇచ్చాయని తెలిసిన తరువాత నాకు ఈ ఏర్పాటులో లోపమేదీ కనిపించడం లేదు. హోర్డింగుకు మెట్లు కూడా పెట్టించడం ఉదారగుణమే కదా.

తమ ఔన్నత్యం గురించి ఒక చిన్న లెక్క వేశాను. కింద లారీలు పోవడానికి 5.5 మీటర్ల ఎత్తు వదలాలి, ఆ పైన తమ దూలాల మందం ఉండనే ఉంది. మెట్టు 15 సెంటీమీటర్లనుకుంటే ఎక్కడానికి 40 మెట్లు, దిగడానికి మరో 40. నేల మీద చూస్తే, వరుసకు 3.5 మీటర్ల చొప్పున ఆరు వరుసలూ, నడుమ డివైడరూ కలిపినా రహదారి వెడల్పు పాతిక మీటర్లకు మించదు, సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషికి అది 20 సెకన్ల పైచిలుకు పని. మోకాళ్లు అరిగిన పెద్దాయనా, రెండు చేతులా కూరగాయల సంచులున్న ఇల్లాలూ, తెల్లవారకముందే అపార్టుమెంట్లలో పనికి పోయే అమ్మలూ ఆ 20 సెకన్ల కోసం 80 మెట్లు ఎక్కి దిగాలని నిర్ణయించిన మహానుభావులు మాత్రం ఈ రహదారిని ఎప్పుడూ కారులోనే దాటి ఉంటారు. లిఫ్టు లేదని అనను. ఉంది, దాని తలుపు మీద ‘మరమ్మతులో ఉన్నది’ అన్న కాగితమూ ఉంది. ఎండకు వెలిసిపోయినప్పుడల్లా ఆ కాగితాన్ని తీసి కొత్తది అంటిస్తున్నారు కాబట్టి నిర్వహణ లోపించిందని అనడానికి కూడా నోరు రాదు.

తమ పాదాల సంగతి కూడా మనవి చేసుకోవాలి. తమ మెట్ల వరుస సరిగ్గా ఫుట్‌పాత్ మీదే దిగి, దాని వెడల్పంతా ఆక్రమించింది. అందువల్ల తమరిని ఎక్కే ఉద్దేశం లేకుండా తిన్నగా నడిచిపోయేవాడు కూడా తమ దగ్గరికి రాగానే రోడ్డు మీదికి దిగి, ఆర్టీసీ బస్సుకూ ఆటోకూ మధ్య నుంచి తమకు ప్రదక్షిణం చేసి, మళ్లీ ఫుట్‌పాత్ ఎక్కవలసి వస్తోంది. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట తమ మెట్ల దాకా ఇంకా ఎక్కినట్టు లేదు.

అయినా తమరు చేస్తున్న అసలు సేవ వేరే ఉంది. జీబ్రా గీతల దగ్గర డ్రైవరు వేగం తగ్గించి, ఆగి, నడిచేవారికి దారి ఇవ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. తమరు వెలిసిన తరువాత ఇక్కడ ఉన్న గీతలు చెరిగిపోయాయి, మళ్లీ ఎవరూ వేయలేదు. కాబట్టి ఆ నిబంధన ఉల్లంఘించిన పాపం ఏ డ్రైవరుకూ అంటదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రోడ్డు రవాణా శాఖే లెక్క చెప్పింది. అంటే దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు. ఆ ఒక్కరు తమ పరిసరాల్లో పోతే ‘పక్కనే వంతెన ఉన్నా ఎక్కలేదు’ అని నలుగురూ అంటారు. బండి ఎంత వేగంతో వచ్చిందని అడిగేవారు ఉండరు. సాక్షుల అవసరం లేకుండా, నోరు విప్పకుండా, నిలబడ్డ చోటు నుంచే చనిపోయినవాడి మీద నేరం రుజువు చేయగలిగిన సాక్షి మరొకరు నాకు తెలియదు.

తమ వంశమంతా ఇంతే అనడం అన్యాయం. ఉప్పల్ చౌరస్తాలో 2023 జూన్‌లో ప్రారంభమైన స్కైవాక్ ఉంది. ఎలాగూ పైకి ఎక్కవలసిన మెట్రో స్టేషనుకు అది కలిసింది, లిఫ్టులూ ఎస్కలేటర్లూ ఉన్నాయి, జనం వాడుకుంటున్నారు. తమరి చుట్టూ మెట్రో లేదు. ఇటు ఒక కాలనీ, అటు బస్టాపు, అంతే.

జనం తమ అభిప్రాయాన్ని ఇప్పటికే తెలియజేశారు కూడా. తమకు కాస్త అవతల, బస్టాపుకు సరిగ్గా ఎదురుగా, డివైడరు మీది గ్రిల్లులో రెండు కమ్మీలు వంచి మనిషి పట్టేంత సందు చేశారు. దానికి రెండుసార్లు వెల్డింగు చేశారు, రెండుసార్లూ మళ్లీ వంగింది. జనం ఎక్కడ దాటదలచుకున్నారో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే సర్వే ఏ కన్సల్టెంటూ చేయలేడు. కాబట్టి నా విన్నపం ఏమంటే, తమరు దయచేసి ఒకసారి కిందికి దిగివచ్చి, ఆ సందు దగ్గరే నేల మీద పడుకోవాలి. ఫుట్‌పాత్ ఎత్తుకు లేపిన జీబ్రా దారిగా పడుకుంటే బండ్లు తమంతట తామే నెమ్మదిస్తాయి. నడుమ డివైడరులో నలుగురు నిలబడే చోటు, బటను నొక్కితే పడే ఎర్ర దీపం, ఆ దీపం ముసలివారు దాటేదాకా వెలిగేలా సెకన్లు, రాత్రి ఒక మంచి వెలుగు ఉంటే చాలు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి తగిలితే మనిషి బతికే అవకాశమే ఎక్కువ. 60తో వచ్చేది తగిలితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. ఈ తేడా అంతా ఎవరో ఒకరు యాక్సిలరేటరు మీద నుంచి కాలు కాస్త తీయడంలో ఉంది. అంత కష్టం వారికి కలగకూడదనే తమరిని ఇంత ఎత్తున నిలబెట్టారని ఎరిగి కూడా సాహసించి అడుగుతున్నాను.

ప్రకటనల ఆదాయం పోతుందని బెంగ వద్దు. ఎర్ర దీపం దగ్గర ఆగిన కార్లలోని వారికి ఈతకొలను బొమ్మ మరింత తీరికగా చూసే వీలు కలుగుతుందని ఏజెన్సీ వారికి తమరే నచ్చజెప్పవచ్చు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ నీడన డివైడరు దాటుకుంటున్న
ఒక పాదచారి