"కామిక్ సిరీస్‌లు కాలానికి నిలవవు" అనే వాదనకు జవాబు

పుస్తకాల గురించి మాటలు సాగే చోటల్లా ఒక వాదన తిరుగుతూ ఉంటుంది. క్లుప్తంగా ఇది: "ఇప్పటి కామిక్ సిరీస్ ఒక్కటి కూడా క్లాసిక్ కాబోదు. అమ్మకం కోసం నెలనెలా ముక్కలుగా రాసేది, నలుగురు కలిసి తయారు చేసేది, పావుగంటలో చదివి పక్కన పెట్టేది, చవక కాగితం మీద అచ్చయ్యేది. పైగా ఆ కథలకు అంతమే ఉండదు. యాభై ఏళ్లు పోతే పేర్లు కూడా మిగలవు."

వినగానే నిజమేననిపిస్తుంది. విడదీసి చూస్తే ఈ ఐదింట్లో నాలుగు నిలబడవు. ఐదోదానిలో బలముంది, దాని సంగతి చివర చూద్దాం. ఇక్కడ ఆధునికం అంటే 1980ల నుంచి వచ్చిన సిరీస్‌లని అనుకుందాం. వాటిలో మొదటివాటికి ఇప్పటికే నలభై ఏళ్లు నిండుతున్నాయి. అవి వెలువడేనాటికి పుట్టనివాళ్లు వాటిని కొని చదువుతున్నారు. కాబట్టి తీర్పు పూర్తిగా రేపటి చేతిలోనే ఉందనడానికీ లేదు.

"ముక్కలుగా వచ్చేదానికి ఏకత్వం ఉండదు."

చార్లెస్ డికెన్స్ పేరు నిలబెట్టిన 'పిక్విక్ పేపర్స్' 1836-37లో నెలనెలా, భాగం ఒక షిల్లింగు చొప్పున వచ్చింది. అసలు ఆ పని మొదలైందే రాబర్ట్ సీమోర్ అనే చిత్రకారుడి బొమ్మల కోసం. వాటి పక్కన కాస్త వచనం రాసిపెట్టమని కుర్ర రచయితను పిలిచారు. 'క్రైమ్ అండ్ పనిష్‌మెంట్' కూడా 1866లో పత్రికలో సీరియల్‌గా వచ్చిందే. ముక్కలుగా రావడమే దోషమైతే పందొమ్మిదో శతాబ్దపు నవలల్లో సగాన్ని పక్కన పెట్టాలి.

చేతనైనవాడికి ఆ ముక్కలే కొలబద్ద అవుతాయి. ఆలన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల 'వాచ్‌మెన్' 1986-87లో పన్నెండు సంచికలుగా వచ్చింది. పన్నెండు అంకెనే వాళ్లు గడియారంగా మార్చారు. సంచికకు ఒక నిమిషం చొప్పున ముల్లు అర్ధరాత్రికి దగ్గరవుతుంది.

సీరియల్ పద్ధతిలో నిజంగా చెడేది వేరొకటి ఉంది: గడువు. అమెరికన్ నెలవారీ సంచికలో కథ 20 నుంచి 22 పేజీలు ఉంటుంది. పెన్సిల్ పనిలో రోజుకొక పేజీ అంటే మంచి వేగం. సెలవులు తీసేస్తే నెల అక్కడికే అయిపోతుంది. చిత్రకారుడు వెనకబడగానే రెండు సంచికలు ఇంకొకరితో గీయిస్తారు. నెలవారీగా చదివేటప్పుడు పెద్దగా తెలియదు గానీ, సంపుటిగా కట్టాక మధ్యలో ముఖాలు మారిపోయి కథ విరిగినట్టవుతుంది. దీనికి విరుగుడు ఉంది. 2012లో మొదలైన 'సాగా'లో ఫియోనా స్టేపుల్స్ బొమ్మలూ రంగులూ రెండూ తానే వేస్తారు. ఆమె చేయి మారకుండా ఉండడానికి కొన్ని సంచికల తర్వాత కొన్ని నెలలు ప్రచురణే ఆపుతారు. పాఠకులకు విసుగే, కానీ పుస్తకానికి అదే మేలు.

"నలుగురు చేసింది ఎవరి రచనా కాదు."

ఒక్కరే రాసి గీసినవి బోలెడున్నాయి. ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్' అలాంటిదే. 2000-2003 మధ్య ఫ్రెంచిలో నాలుగు భాగాలుగా వచ్చిన మర్జాన్ సత్రాపీ 'పెర్సెపోలిస్' కూడా అంతే. అది పక్కన పెట్టినా, పలు చేతులు పడ్డంత మాత్రాన పని పలచబడదు. 'శాండ్‌మన్' సిరీస్‌లో మాటల బుడగల్లో అక్షరాలు రాసిన టాడ్ క్లైన్‌ను చూడండి. కథానాయకుడైన స్వప్నదేవుడి మాటలు నల్ల బుడగలో తెల్ల అక్షరాలతో వస్తాయి. మతి చెదిరిన అతని చెల్లెలి మాటలు రంగులు మారుతూ వంకర్లు పోతాయి. గడిలో బొమ్మ కనిపించకపోయినా ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. గొంతును కాగితం మీదికి తెచ్చిన పని అది, చేసింది రచయితా కాదు, చిత్రకారుడూ కాదు.

"పావుగంటలో అయిపోతుంది."

ఈ వాదనలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. పద్యం చదవడానికి అర నిమిషం చాలు, దాన్నిబట్టి పద్యాన్ని ఎవరూ తూచరు. మళ్లీ తెరిచినప్పుడు కొత్తగా ఏం దొరుకుతుందన్నదే అడగాల్సిన ప్రశ్న.

'వాచ్‌మెన్' ఐదో సంచికను చేతిలోకి తీసుకోండి. కథ 28 పేజీలు. మొదటి పేజీ అమరికకు ఇరవై ఎనిమిదో పేజీ అద్దంలో ప్రతిబింబం. రెండోదానికి ఇరవై ఏడోది, మూడోదానికి ఇరవై ఆరోది, అలా లోపలికి నడుస్తుంది. సరిగ్గా నడుమ 14, 15 పేజీలు ఎదురెదురుగా వస్తాయి. ఒక హత్యాయత్నం, దాన్ని ఎదుర్కొన్నవాడి దెబ్బ. ఎడమ పేజీలోని గడుల కొలతలే కుడి పేజీలో తిరగబడి ఉంటాయి. సంచిక మొదలయ్యేది వర్షపు నీటిలో ఒక బోర్డు ప్రతిబింబంతో. తొలిసారి చదివేటప్పుడు కథ లాక్కుపోతుంది కాబట్టి ఇదేదీ కనబడదు. రెండోసారి తెలుస్తుంది, మూడోసారి వెనక్కీ ముందుకీ పేజీలు తిప్పుతూ సరిచూసుకుంటారు.

దీనికి పునాది పేజీని మూడు వరుసల్లో మూడేసి గడులుగా కోయడం. తొమ్మిదీ సమానంగా ఉంటే కథ తాళం వేసినట్టు నడుస్తుంది. రెండు గడులు కలిపి ఒకటి చేస్తే కాలం సాగుతుంది, మూడూ కలిపితే నిలబడిపోతుంది. గడికీ గడికీ మధ్య తెల్ల సందులో ఏం జరిగిందో పాఠకుడే ఊహించుకోవాలి. సినిమాలో వేగం దర్శకుడిది, ఇక్కడ వేగం చదివేవాడి కంటిది. బొమ్మ ఉంది కాబట్టి తేలిక అనేవాళ్లు మాటల బుడగలను మాత్రమే చదివి పేజీ తిప్పేస్తున్నారు. పావుగంట లెక్క అలా వచ్చిందే. ఒకసారి బుడగలు వదిలేసి బొమ్మలు మాత్రమే చూస్తూ సంచిక పూర్తి చేయండి. అలా చూసినా కథ అందితే అది గట్టి పని. బొమ్మలన్నీ మాట్లాడే తలకాయలే అయితే, ఆ సిరీస్ విషయంలో మాత్రం పావుగంట వాదన సరైనదే.

"చవక కాగితం, ఎంతకాలం ఉంటుంది?"

న్యూస్‌ప్రింట్, అంటే వార్తాపత్రికల కాగితం, మీద వచ్చిన పాత సంచికలు పసుపెక్కి పెళుసుబారతాయి, నిజమే. యంత్రంతో నూరిన కర్రగుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం ఉండిపోతుంది, వెలుతురూ గాలీ తగిలితే అది ముదురుతుంది. అయితే ఏ రచనా తొలి అచ్చుప్రతి వల్ల బతకదు, పునర్ముద్రణ వల్ల బతుకుతుంది. కామిక్స్‌కు అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. ఇక్కడ చెడగొట్టడం చాలా తేలిక.

ఒకటి, పేజీల సరి-బేసి లెక్క. పుస్తకంలో ఒకటో పేజీ కుడివైపు వస్తుంది కాబట్టి సరిసంఖ్య పేజీలు ఎడమన, బేసివి కుడిన ఉంటాయి. పైన చెప్పిన 14-15 జోడీ ఎదురెదురుగా పడాలంటే ఆ అధ్యాయం కుడి పేజీలోనే మొదలవ్వాలి. సంపుటి కట్టేటప్పుడు ముఖచిత్రం కోసం ఒక్క పేజీ చేర్చి ఊరుకుంటే లెక్క తప్పుతుంది. 14 కుడికి పోతుంది, 15 దాని వెనకకు పోతుంది, అద్దం పగిలిపోతుంది. సరిదిద్దడానికి ఒక ఖాళీ పేజీ చాలు. మరి సంచికల్లో ప్రకటనలు మధ్యమధ్యలో వచ్చేవి. వాటిని తీసేసినప్పుడు పేజీ తిప్పగానే ఎదురవ్వాల్సిన ఆశ్చర్యం పక్క పేజీలోనే ముందుగా కనబడే ప్రమాదం కూడా ఉంది.

రెండు, రంగులు. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, అందుకే ఆనాటి రంగులు గాఢంగా వేసేవాళ్లు. అవే పాళ్లలో మెరిసే కాగితం మీద అచ్చువేస్తే కళ్లు చెదిరేలా వస్తాయి. 2005లో 'వాచ్‌మెన్' పెద్ద ప్రతి కోసం, మొదట రంగులు వేసిన జాన్ హిగిన్స్ తన రంగులను తానే సరిదిద్దారు. 1988 నాటి బ్యాట్‌మన్ కామిక్ 'ది కిల్లింగ్ జోక్'కు 2008లో చిత్రకారుడు బ్రయన్ బోలండ్ మొత్తం కొత్త రంగులు వేశారు. ఏది అసలు పాఠం అన్న చర్చ పాఠకుల్లో నేటికీ ఉంది. ఇది తాళపత్రాల పాఠభేదాల చర్చకు దగ్గరి చుట్టం. పాఠభేదాల మీద వాదించుకునేంత పట్టింపు ఉందంటే, ఆ రచన నిలవడం మొదలైందనే అర్థం. క్లాసిక్ అని అందరూ ఒప్పుకునే టిన్‌టిన్‌లో కూడా 'ది బ్లాక్ ఐలండ్' ఆల్బం మూడు రూపాల్లో ఉంది: 1938 నాటి నలుపు-తెలుపు, 1943 నాటి రంగులది, 1966లో మళ్లీ గీసినది.

మూడు, కుట్టు. వీపుకు జిగురు మాత్రమే పూసిన లావు సంపుటి నడుమ పూర్తిగా తెరుచుకోదు. రెండు పేజీలకు పరిచిన బొమ్మ మధ్యభాగాన్ని ఆ మడత మింగేస్తుంది. కుట్టి కట్టిన ప్రతి బల్ల మీద చదునుగా పడుకుంటుంది.

"వీటికి అంతమే ఉండదు."

ఇది బలమైన మాట. దశాబ్దాలుగా సాగే సూపర్‌హీరో శీర్షికల విషయంలో ఒప్పుకోక తప్పదు. చచ్చినవాడు తిరిగొస్తాడు, మారినవాడు మళ్లీ మామూలవుతాడు, కాబట్టి ఏ సంఘటనకూ బరువుండదు. 1991లో 'ఎక్స్-మెన్' ఒకటో సంచిక వేర్వేరు ముఖచిత్రాలతో ఎనభై లక్షలకు పైగా ప్రతులు పోయింది. ఒకే సంచికను ముఖచిత్రాల కోసం నాలుగైదు కొని దాచుకున్నవాళ్ల లెక్క అందులో ఉంది. అంత అమ్మకం ఉన్నా క్లాసిక్‌ల మాట వచ్చినప్పుడు ఆ సంచిక పేరు వినబడదు.

కానీ ఈ లోపం కొన్ని సంస్థల వ్యాపార పద్ధతిది, దాన్ని మొత్తం కళకు అంటగట్టడం తప్పు. 'శాండ్‌మన్' 75 సంచికలతో 1996లో ముగిసింది. 'వై: ది లాస్ట్ మ్యాన్' 60తో 2008లో, జెఫ్ స్మిత్ 'బోన్' 55తో 2004లో ముగిశాయి. హిరోము అరకావా 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' 2001లో మొదలై 2010లో, 27 సంపుటాలకు ఆగింది. 'ది వాకింగ్ డెడ్' 2019లో 193వ సంచికతో ముందస్తు ప్రకటన లేకుండా ముగిసింది. ముగింపు పసిగట్టకుండా ఉండాలని రాబోయే సంచికలకు ఉత్తుత్తి ముఖచిత్రాలు కూడా ప్రకటించారు. ముగింపు అంటే అంత పట్టింపు ఉన్న రంగాన్ని అంతులేనిదని ఎలా అంటాం?

ఇంకా సాగుతున్నవాటి గురించి మాత్రం తొందరపడకూడదు. 'సాగా' 2018లో 54వ సంచిక దగ్గర ఆగి, 55వది 2022లో గానీ రాలేదు. జపనీస్ కామిక్ 'బెర్సెర్క్' సృష్టికర్త కెంటారో మియురా 2021లో కథ పూర్తికాకుండానే పోయారు, మిత్రుడూ శిష్యబృందమూ కొనసాగిస్తున్నారు. ఇలాంటివాటికి ఇప్పుడే పట్టం కట్టడం తొందరే.

వాదన అసలు తాకని ప్రమాదాలు రెండున్నాయి, అవే నిజంగా భయపెట్టేవి. మొదటిది హక్కుల చిక్కు. 'మిరకిల్‌మన్' గొప్ప పేరున్న సిరీస్. ప్రచురణకర్త 1990లలో మూతపడ్డాక హక్కులు తేలక, 2014 దాకా దాదాపు ఇరవై ఏళ్లు కొత్త ప్రతి రాలేదు. ఒక తరం దాన్ని పేరుగానే విన్నది. రెండోది డిజిటల్ మాత్రమే కావడం. ఫోన్‌లో గడి తర్వాత గడి చూపించే పద్ధతిలో ఎదురెదురు పేజీలే ఉండవు, అంటే పైన చెప్పిన అమరిక అంతా మాయం. యాప్ మూతపడితే మీరు కొన్న ప్రతి కూడా పోవచ్చు.

దీనికి ఎదురుగా 'మౌస్'ను పెట్టండి. 1980 నుంచి ఒక పత్రికలో అధ్యాయాలుగా వచ్చింది, 1986లో, 1991లో పుస్తకాలైంది, 1992లో ప్రత్యేక పులిట్జర్ బహుమతి అందుకుంది. సినిమా తీయడానికి స్పీగెల్‌మన్ ఒప్పుకోలేదు, తెర దన్ను లేకుండానే నడిచింది. 2022లో అమెరికాలోని టెనెస్సీలో ఒక కౌంటీ పాఠశాల బోర్డు దాన్ని పాఠ్యాంశాల నుంచి తీసేసింది. వెంటనే అది మళ్లీ అమ్మకాల పట్టికల పైవరుసకు వచ్చింది. ప్రచురణకర్త దాన్ని ఏనాడూ వదిలేయలేదు కాబట్టే, జనం అడిగిన రోజున దుకాణాల్లో దొరికింది.

ఇప్పుడు నడుస్తున్న ఏ సిరీస్ గురించైనా అంచనా వేయాలంటే, అది ముగిశాక పదేళ్లకు వెళ్లి మొదటి సంపుటి కొత్త ప్రతి దొరుకుతుందో లేదో చూడండి. దొరికితే నడుమ తెరిచి, రెండు పేజీల బొమ్మ ఏదైనా మడతలో మునిగిందేమో, ఎడమ పేజీ ఎడమనే ఉందేమో సరిచూడండి.