పదిసార్లు రాయిస్తే చాలదు

నాలుగో తరగతి పిల్లవాడు డిక్టేషన్‌లో ‘మద్యాన్నం బోజనం’ అని రాస్తాడు. ఉపాధ్యాయుడు రెండు పదాల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, ఒక్కొక్కటీ పదిసార్లు రాసుకురమ్మంటారు. ఇంటి దగ్గర ఆ పిల్లవాడు ముందు ‘మ’ను పైనుంచి కిందికి పది వరుసల్లో దించుతాడు, తర్వాత ‘ధ్యా’ను, ఆ తర్వాత ‘హ్నం’ను అదే తీరున నింపుతాడు. పేజీ నిండుతుంది గాని, పదాన్ని పదంగా ఒక్కసారైనా రాసినట్టు కాదు. వారం తిరిగేసరికి మళ్లీ ‘మద్యాన్నమే’. తరాలుగా నడుస్తున్న ఈ ఇంపొజిషన్ పద్ధతి, రాతలో వెనుకబడిన పిల్లలకు చేసిన మేలు చాలా తక్కువని మేము భావిస్తున్నాం.

తెలుగు పలికినట్టే రాసే భాష గనుక అక్షరదోషం కేవలం అశ్రద్ధ అన్న నమ్మకం మనలో బలంగా ఉంది. అది సగమే నిజం. ‘చిహ్నం’లో హకారం ముందు రాస్తాం, నోటితో మాత్రం నకారమే ముందు పలుకుతాం; ‘బ్రహ్మ’దీ అదే కథ. చాలా ఇళ్లలో శనివారం ‘సెనివారం’గానూ భోజనం ‘బోజనం’గానూ వినిపిస్తాయి. చెవికి అందని ఒత్తును చేయి ఎలా రాస్తుంది? పైగా నేర్వవలసిన రూపాలు తక్కువేమీ కావు. 36 హల్లులకు గుణింతం కడితేనే ఐదువందలు దాటుతాయి, ఒత్తులు, సంయుక్తాక్షరాలు వేరు. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో చదువుకునే పిల్లలపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, ఇటువంటి అక్షరాలపై పట్టు చిక్కడానికి ప్రాథమిక తరగతుల్లో చాలా భాగం గడిచిపోతుందని చూపింది. ఒకటో తరగతితో గుణింతాలు ‘అయిపోయాయి’ అనుకునే మన పాఠ్యప్రణాళికల తొందర పిల్లల వేగానికి సరిపడేది కాదు.

తప్పులన్నీ ఒక్క జాతివి కావు కాబట్టి మందూ ఒక్కటే కాకూడదు. ‘మేడ’ను ‘మెడ’ అని రాసే పిల్లవాడికి హ్రస్వదీర్ఘాల తేడా చెవికెక్కలేదు. వాడి చేత రాయించే ముందు అలాంటి జంటలను పలికించాలి, చప్పట్లతో కొలిపించాలి. ‘మ’కూ ‘య’కూ తేడా పట్టలేని పిల్లవాడి చిక్కు కంటిది, ఆ రెండింటినీ ఒకేరోజు నేర్పకుండా ఒకటి స్థిరపడ్డాకే రెండోది చూపాలి. ఇక ఒత్తి పలకవలసిన థ, ధ, భ వంటి అక్షరాల, అంటే మహాప్రాణాల, సంగతికి వస్తే, వాటిని విడివిడి పదాలుగా బట్టీ పట్టించడం కంటే కుటుంబాలుగా చూపడం మేలు. అర్థం, ప్రార్థన, పదార్థం, విద్యార్థి ఒక ఇంటివి, చుక్క ఉన్న ‘థ’వి, అర్ధరాత్రి, అర్ధచంద్రుడు సగానికి సంబంధించినవి, చుక్క లేని ‘ధ’వి. ఈ ఒక్క తేడా పట్టుబడితే డజను పదాలు చక్కబడతాయి. (మా పత్రికలోనూ ‘విద్యార్ధి’ అని అచ్చయిన రోజులు లేకపోలేదు.)

అభ్యాసం వద్దని మా వాదన కాదు. పదాన్ని చూసి, మూసి, గుర్తు తెచ్చుకుని రాసి, తనకు తానే సరిచూసుకోవడం రోజుకు ఐదు పదాలతో సాగినా, అవే పదాలు రెండు రోజులకోసారి, మళ్లీ వారానికోసారి ఎదురైతే నిలుస్తాయి. ఎర్రసిరా కూడా మొత్తం పదాన్ని కాక, తప్పిన ఒత్తును మాత్రమే చూపాలి. ‘మద్యాన్నం’ రాసిన పిల్లవాడికి ‘మ’, ‘ద’, ‘యా’ వచ్చునన్న సంగతి వాడికి తెలియనివ్వాలి.

ఇంత చేసినా కుదుటపడని పిల్లలు కొందరుంటారు. వారిలో డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం ఉన్నవారిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులు నడిపే పల్లె బడిలో ఆ భారం ఆయన ఒక్కరిపైనే వేయడం అన్యాయం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులు నెలకొకసారైనా ఆ బడికి వచ్చి పిల్లల నోటుపుస్తకాలు చూడాలి. తప్పులను మార్కులుగా కాక రకాలుగా నమోదు చేసే చిన్న పట్టికను విద్యాశాఖలు ఉపాధ్యాయ శిక్షణలో చేర్చాలి.

ఇతర సబ్జెక్టుల జవాబుల్లో అక్షరదోషానికి మార్కులు కోయడం మాత్రం ఈ ఏడాదే ఆగిపోవాలి. ‘కిరనజన్య సంయోగక్రియ’ అని రాసిన పిల్లవాడు, ఆకులో ఎండ చేసే పనిని పొల్లుపోకుండా వివరించి ఉండవచ్చు.