ఒకే హుండీలో రెండు మొక్కులు

2010 ఏప్రిల్ 20 రాత్రి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. సముద్రం అడుగున బావి 87 రోజులు చమురు కక్కుతూనే ఉంది. 2016లో ఆ బావి నడిపిన చమురు కంపెనీ బీపీతో కుదిరిన ఒప్పందం విలువ 2,080 కోట్ల డాలర్లు. కాబట్టి తీరాన్ని బాగుచేయడానికి డబ్బు లేదని అక్కడ ఎవరూ అనలేరు. పేచీ అంతా ఆ డబ్బును ఏ పద్దులో రాశారన్న దగ్గరే.

మామూలుగా అయితే నీటి కాలుష్య చట్టం కింద వచ్చిన జరిమానా అమెరికా కేంద్ర నిధిలో పడి, తర్వాతి ప్రమాదం కోసం ఎదురుచూసేది. 2012లో తెచ్చిన రీస్టోర్ చట్టం అందులో 80 శాతాన్ని దెబ్బతిన్న తీరానికే మళ్లించింది. మంచి పని. అయితే ఆ వాటాలో 35 శాతాన్ని ఆ తీరంలోని అయిదు రాష్ట్రాలకూ సమానంగా పంచారు. చిత్తడి నేలల్లోకి చమురు ఇంకిపోయిన లూసియానాకూ, కాస్త తెట్టు తగిలిన టెక్సస్‌కూ ఇందులో ఒకే వాటా! ఖర్చు పెట్టే జాబితాలో చిత్తడి నేలల పక్కనే పోర్టులూ, టూరిజం ప్రచారమూ చేరాయి. పర్యావరణం, ఆర్థికం రెండూ ఒకే హుండీ. ఇలాంటి చోట రిబ్బన్ కత్తిరించడానికి పనికొచ్చేదే ముందు గెలుస్తుంది.

అలబామానే చూడండి. రీస్టోర్ డబ్బు కాదు, ప్రకృతి వనరుల నష్టానికి బీపీ ముందస్తుగా ఇచ్చిన సొమ్ము. అందులోంచి 5.85 కోట్ల డాలర్లు గల్ఫ్ స్టేట్ పార్కులో హోటల్, సమావేశ మందిరానికి కేటాయించారు. చమురు వల్ల జనం బీచ్‌కు రాలేకపోయారు కాబట్టి ఇదీ నష్టపరిహారమేనని వాదన. అక్కడున్న పాత హోటల్ పోయింది మాత్రం 2004 నాటి ఇవాన్ తుపాను దెబ్బకు. వేరే మార్గాలు సరిగా పరిశీలించలేదని ఫెడరల్ కోర్టు తప్పుబట్టినా, 2018లో హోటల్ తెరుచుకుంది.

ఇంతకంటే చిక్కుముడి లూసియానాలో ఉంది. ఆయిస్టర్ అనే తినే గుల్ల జీవికి ఉప్పునీరూ మంచినీరూ కలిసిన చోటే బతుకు. కదల్లేదు, నీరు మారితే అక్కడే చస్తుంది. 2010లో చమురును బయటికి నెట్టాలని మిసిసిపీ నది నీటిని తీరంలోకి వదిలారు. చమురు చేరని చోట కూడా ఆయిస్టర్లు ఆ మంచినీటికే చచ్చాయి. తీరాన్ని కాపాడే మందే వాటికి విషమైంది.

అందుకే చమురు పరిహారపు డబ్బుతో మిడ్ బరటేరియా పథకం వచ్చినప్పుడు ఆయిస్టర్, రొయ్యల వేటగాళ్లు ఎదురుతిరిగారు. నది నీటినీ, దాంతో వచ్చే మట్టినీ తీరంలోకి మళ్లించి, మునిగిపోతున్న నేలను మళ్లీ కట్టాలన్నది పథకం. ఖర్చు దాదాపు 300 కోట్ల డాలర్లు. శాస్త్రపరంగా సబబేనని నా అభిప్రాయం. 1930ల నుంచి దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల నేలను పోగొట్టుకున్న రాష్ట్రానికి కంకర గట్లు ఎన్నాళ్లు ఆసరా? కానీ నీటి మీద బతికేవాళ్ల పరిహారాన్ని అదే ప్రాజెక్టు ఖర్చులో ఒక పద్దుగా పెట్టారు. ముందు వాళ్ల చేతికి డబ్బు అందించి, ఆయిస్టర్లు పెంచే నీటి లీజు మార్చుకునే సమయమిచ్చి, ఆ తర్వాత నది నీరు వదిలే గేట్ల సంగతి మాట్లాడి ఉండాల్సింది. 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యాక, 2025 జులైలో రాష్ట్రమే పథకాన్ని రద్దు చేసింది.