ఓల్డామ్ లెక్కలు, మన చవుడు మిద్దెలు

చవుడు మిద్దె కింద పుట్టి పెరిగినవాళ్లకు ఆ ఇంటి చల్లదనం గురించి చెప్పక్కర్లేదు. ఆదోనిలోనో ఉరవకొండలోనో నడివేసవి మధ్యాహ్నం లోపలికి అడుగుపెడితే ప్రాణం లేచొస్తుంది. మందపాటి రాతిగోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి. వానకు కారితే ఇంకో బండెడు చవుడు తెచ్చి పోస్తారు. పాత మట్టిని దించే పని మాత్రం ఎవరూ పెట్టుకోరు. తాత పోసింది, నాయన పోసింది, అంతా ఆ గోడల మీదే ఉంటుంది.

ఆ బరువు సంగతి ఎత్తుకోవడానికి మాకు ఒక పాత పేరు గుర్తుకొచ్చింది. రిచర్డ్ డిక్సన్ ఓల్డామ్. భూకంపాలను చదవడం ఎలాగో ప్రపంచానికి నేర్పిన తొలితరం శాస్త్రవేత్తల్లో ఒకరు. ఆ చదువు ఆయనకు అబ్బింది మన దేశంలోనే.

ఓల్డామ్ 1858లో డబ్లిన్‌లో పుట్టారు. తండ్రి థామస్ 1851 నుంచి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తొలి అధిపతి. విలియం కింగ్ మన కొండల్లో తిరిగి, ఇక్కడి రాతి పొరల మీద 1872లో గ్రంథం వెలువరించింది ఆయన హయాంలోనే. కడప, కర్నూలు పేర్లు భూగర్భ శాస్త్రంలో నిలిచిపోయింది అలాగే. అస్సాం వైపు 1869 జనవరిలో వచ్చిన కచార్ భూకంపాన్ని థామస్ పరిశీలించారు గానీ నివేదిక పూర్తి చేయకుండానే 1878లో కన్నుమూశారు. మరుసటి ఏడాది అదే సంస్థలో చేరిన కొడుకు ఆ కాగితాలు సర్ది 1882లో అచ్చు వేయించారు. ఆ వెంటనే, 1869 వరకు దేశంలో వచ్చిన భూకంపాల పట్టికనూ వెలుగులోకి తెచ్చారు. తండ్రి బాకీ తీర్చిన కొడుకు అనుకోవచ్చు.

అసలు పరీక్ష 1897 జూన్ 12 సాయంత్రం వచ్చింది. షిల్లాంగ్ పీఠభూమి కింద నేల కదిలింది. నేటి లెక్కల్లో దాని తీవ్రత 8కి పైమాటే. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. దాదాపు 1,500 మంది చనిపోయారు. అంత పెద్ద భూకంపానికి ఆ సంఖ్య తక్కువే. సాయంత్రం వేళ కావడంతో జనం చాలామంది ఆరుబయట ఉన్నారు. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

దేశంలో అప్పటికి సరైన భూకంప యంత్రం లేదు. ఓల్డామ్ ఊళ్ల నుంచి ఉత్తరాలు తెప్పించుకున్నారు. రైల్వే స్టేషన్లలో, తంతి ఆఫీసుల్లో గడియారాలు చూపిన వేళలను పోల్చి చూశారు. పడిన గోడ ఎటు పడింది, ఒరిగిన సమాధి రాయి ఎంత తిరిగింది, గుంతలో కూర్చున్న బండ గుంత అంచు చెదరకుండా ఎలా బయటపడింది అన్నీ రాసుకున్నారు. అంచు చెదరలేదంటే బండ దొర్లలేదు, పైకి ఎగిరింది. చెడ్రాంగ్ వాగు వెంట నేల చీలి ఒక పక్క 35 అడుగుల వరకు లేచిన చోటునూ నమోదు చేశారు. 1899లో వచ్చిన ఆ నివేదికను శాస్త్రవేత్తలు ఈనాటికీ తిరగేస్తున్నారు.

దూరదేశాల యంత్రాలు గీసిన గీతల్లో మూడు రకాల భూకంప అలలు వేర్వేరుగా వస్తున్నాయని 1900లో ఆయన చూపించారు. 1906లో ఇంకో అడుగు వేశారు. భూమి నడిమధ్య గుండా వచ్చే అలలు రావాల్సిన వేళకు రావడం లేదు. డోన్ మీదుగా వచ్చే బస్సు రోజూ లేటవుతుంటే దారిలో ఏదో ఉందనుకుంటాం కదా, ఆయనా అలాగే ఆలోచించారు. భూమికి వేరే పదార్థంతో చేసిన గర్భం ఉందని తేల్చారు. తవ్వి చూసిన మనిషి లేడు, ఆలస్యాన్ని లెక్కగట్టిన మనిషి ఉన్నాడు.

మమ్మల్ని ఇంకా ఎక్కువగా కదిలించింది వేరొకటి. 1926లో, దాదాపు 68 ఏళ్ల వయసులో, కచ్‌లో 1819లో వచ్చిన భూకంపం మీద రాస్తూ, 1897 నాటి తన సొంత అభిప్రాయాలనే ఆయన సవరించుకున్నారు. ఆయన పోయింది 1936లో. షిల్లాంగ్ పీఠభూమి ఉత్తరపు అంచున దాగిన పగులును 2001లో పాత సర్వే కొలతల సాయంతో గుర్తించినవారు దానికి ఓల్డామ్ పేరే పెట్టారు.

ఇక మన సంగతి. భూకంప పటంలో కర్నూలు రెండో జోన్, అంటే ముప్పు తక్కువ. ఆ మాట పట్టుకుని నిశ్చింతగా ఉంటే ఎలా? 1993 సెప్టెంబర్ 30న లాతూర్ జిల్లా కిల్లారి ఏ జోన్‌లో ఉంది? అప్పటి పటంలో అన్నిటికంటే భద్రమైన ఒకటో జోన్‌లో. వినాయక నిమజ్జనం ముగించుకొచ్చి జనం నిద్రపోతుండగా, తెల్లవారుజామున 4 కాకముందే నేల కదిలింది. దాదాపు 10 వేల మంది పోయారు. తీవ్రత 6 దాటింది, అంతే. 1897తో పోలిస్తే అందులో వందో వంతు శక్తి కూడా లేదు. మట్టితో పేర్చిన రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టికప్పు కలిసి మనుషులను చంపాయి. ఆ ఇళ్ల ఫొటోలు చూసిన సీమవాసి ఎవరికైనా అవి పరాయి ఇళ్లలా అనిపించవు.

లెక్క మనమే వేసుకోవచ్చు. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న గది మీద అడుగు మందం మట్టి ఉంటే సుమారు 9 టన్నులు. తడిస్తే ఇంకా ఎక్కువ. ఒక లారీ లోడు నెత్తిన పెట్టుకుని పడుకున్నట్టే. భూకంపమే రానక్కర్లేదు, నాలుగు రోజులు ముసురు పట్టినా మిద్దె కూలి కుటుంబాలు పోతున్న వార్తలు ఈ పేజీల్లోనే ఎన్నోసార్లు వేశాం. ప్రతిసారీ పరిహారం ప్రకటిస్తారు. పక్కింటి మిద్దె పరిస్థితి ఏమిటని మాత్రం ఎవరూ అడగరు.

పాత మిద్దెలన్నీ కూలగొట్టమని మేము అనడం లేదు. పేదవాడికి అంత స్తోమత ఎక్కడిది? కానీ అదనపు మట్టిని దించవచ్చు. గోడ లోపలి వరసనూ బయటి వరసనూ కలిపి పట్టే పొడవాటి రాళ్లు అక్కడక్కడా దూర్చవచ్చు. లాతూర్ తర్వాత ఇంజినీర్లు చెప్పిన పనులే ఇవి. ముందు ఏ ఊళ్లో ఎన్ని మిద్దెలున్నాయో, దేని మీద ఎంత మట్టి ఉందో తెలియాలి. సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు, జిల్లాల్లో ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఓల్డామ్‌కు ఉత్తరాలు, గడియారాలే దిక్కు. మనవాళ్లకు గడ్డపార, అడుగుబద్ద, ఫోన్ ఉంటే చాలు. కలెక్టర్లు వానలు మొదలయ్యేలోపు ఈ లెక్క తీయించాలి, ఊరి వారీగా ఆ జాబితాను సచివాలయం గోడకు అంటించాలి.