క్లిప్పులు వద్దంటున్న మెసేజ్‌లో అసలు ప్రమాదం రబ్బరు బ్యాండు

"పళ్ళకు క్లిప్పులు వేయించొద్దు" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు వైపూ కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పద్దెనిమిదేళ్ళు దాటితే పళ్ళు కదలవట. బలవంతాన కదిలిస్తే వేళ్ళు వదులై నలభైకే ఊడిపోతాయట. చోటు కోసం పై పళ్ళు పీకిస్తే చూపు తగ్గుతుందట. పెళ్ళి దగ్గర పడితే ఎత్తుపళ్ళు అరగదీయించి క్యాపులు వేయించడమే మేలట. పిల్లల ముందు పళ్ళ మధ్య సందుంటే రెండింటికీ కలిపి చిన్న రబ్బరు వేస్తే చాలట. దీన్ని నమ్మి పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకుంటున్నారు కాబట్టి ఒక్కొక్క మాటే చూద్దాం.

మొదట వయసు సంగతి. పన్ను వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నారపొర ఉంటుంది. క్లిప్పుల్లోని తీగ పన్నును ఒక పక్కకి మెల్లగా నెడితే, ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, రెండో వైపు కొత్త ఎముక వస్తుంది. ఎముకకి ఈ గుణం బతికినంతకాలం ఉంటుంది. నలభై దాటినవాళ్ళకీ క్లిప్పులు పనిచేస్తాయి. చిగుళ్ళు గట్టిగా ఉండాలి, షుగర్ ఉంటే అదుపులో ఉండాలి, అంతే. పన్ను నెలకి సుమారు ఒక మిల్లీమీటరే జరుగుతుంది కాబట్టి వైద్యానికి మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. వయసు నిజంగా అడ్డొచ్చేది ఒక్కచోట: దవడ ఎముకే ముందుకో వెనక్కో పెరిగినప్పుడు. ఎదిగే వయసులో దాన్ని కొంత సర్దవచ్చు. ఎదుగుదల ఆగాక బాగా తేడా ఉంటే ఆపరేషన్ కావాలి. అందుకే పిల్లల్ని ఏడేళ్ళకల్లా ఒకసారి చూపించమని అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల (పళ్ళ వరస సరిచేసే డాక్టర్ల) సంఘం చెబుతుంది. చూపించినంత మాత్రాన అప్పుడే క్లిప్పులు వేస్తారని భయపడక్కర్లేదు.

వేళ్ళు వదులవుతాయన్న మాటలో ఒక పిసరు నిజం ఉంది. వైద్యంలో వేరు కొస కొద్దిగా అరగడం చాలామందిలో కనిపిస్తుంది. ఎక్కువమందికి దానివల్ల ఇబ్బంది రాదు. బాగా అరిగేది కొద్దిమందిలోనే. దాన్ని కనిపెట్టడానికే డాక్టరు మధ్యలో ఎక్స్‌రే తీయిస్తారు. పళ్ళు ఊడేది ఎక్కువగా చిగుళ్ళ జబ్బుతో. క్లిప్పుల చుట్టూ ఇరుక్కున్న తిండిని తోమకపోతే ఆ జబ్బు రావచ్చు, పంటి మీద తెల్లమచ్చలూ పడతాయి. క్లిప్పులున్నన్నాళ్ళూ చెరకు, తేగలు, జంతికలు పక్కన పెట్టాలి. పూతరేకు తినొచ్చు గానీ వెంటనే నోరు కడుక్కోవాలి. "మా వాడికి రెండేళ్ళు వేయిస్తే మళ్ళీ వంకరయ్యాయి" అనేవాళ్ళ ఇంట్లో చాలాసార్లు రిటైనర్ (సర్దిన పళ్ళు కదలకుండా పట్టి ఉంచే పరికరం) డబ్బాలోనే ఉండిపోయి ఉంటుంది. క్లిప్పులు తీశాక రిటైనర్ పెట్టుకోకపోతే పళ్ళు వెనక్కి జరుగుతాయి.

చూపు సంగతి ఒక్క మాటలో: కంటిచూపుకి నరం వేరు, పళ్ళకి నరం వేరు. పన్ను తీసినంత మాత్రాన చూపు తగ్గదు.

ఇక పెళ్ళికి క్యాపులు. ఇరవై రెండేళ్ళ అమ్మాయికి ఆరోగ్యంగా ఉన్న నాలుగు ముందు పళ్ళను చుట్టూ అరగదీయడం నాకు ఏ రకంగానూ న్యాయంగా అనిపించదు. అరిగిన ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పొర, మళ్ళీ పుట్టదు. లోపలి నరం దెబ్బతింటే రూట్ కెనాల్ చేయించాల్సి వస్తుంది. క్యాపు జీవితాంతం ఉండదు, మధ్యలో మార్చుకుంటూనే ఉండాలి. పైగా వేరు వంపు అలాగే ఉంటుంది. కనబడకూడదనుకుంటే పంటి రంగు సిరామిక్ క్లిప్పులున్నాయి, పళ్ళ లోపలి వైపు వేసేవున్నాయి, తీసి పెట్టుకునే పారదర్శకమైన తొడుగులు, అంటే అలైనర్లు ఉన్నాయి. అలైనర్లు రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకుంటేనే పనిచేస్తాయి. బాగా మెలిక పడిన పళ్ళకి తీగే నయం. డాక్టరు చూడకుండా ఇంటికే పంపే అలైనర్ల జోలికి మాత్రం వెళ్ళొద్దు. అమెరికాలో అలాంటి పెద్ద కంపెనీ స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడితే వైద్యం మధ్యలో ఉన్నవాళ్ళు దిక్కులేకుండా పోయారు. ఖర్చే బెంగైతే భీమవరం, రాజమహేంద్రవరాల్లో డెంటల్ కాలేజీలున్నాయి. ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసినవాళ్ళు చూస్తారు.

అన్నిటికంటే ప్రమాదం రబ్బరు. పన్ను చిగురు దగ్గర నుంచి వేరు కొస దాకా సన్నబడుతూ పోతుంది. అందుకే పళ్ళకి చుట్టిన రబ్బరు జారి చిగురు కిందికి దూరిపోతుంది. పైకి కనబడదు కాబట్టి ఊడి పడిపోయిందనుకుంటారు. అది లోపల వేరు వెంట ఎగబాకుతూ నారపొరనీ ఎముకనీ తినేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ముందు పళ్ళు రెండూ కదిలి, చివరికి తీసేయాల్సి వచ్చిన పిల్లల గురించి దంతవైద్యులు రాసి పెట్టారు. ఇంతా చేసి, ఏడు నుంచి పదేళ్ళ పిల్లల్లో ఆ సందు చాలావరకు మామూలే. పదకొండు, పన్నెండేళ్ళకి కోరపళ్ళు దిగేసరికి చాలామందిలో అదే మూసుకుంటుంది. మూసుకోకపోతే కారణం పై పెదవి లోపలి నార కిందికి దిగి ఉండటం కావచ్చు, ఎముకలో అదనపు పన్ను దాగి ఉండటం కావచ్చు. అవి డాక్టరు చూసి తేల్చాల్సినవి.

మీ పిల్లలకి ఇప్పటికే రబ్బరు వేసి, అది కనిపించకుండా పోయి ఉంటే, చిగురు వాచినా వాచకపోయినా ఈ రోజే దంతవైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. రబ్బరు మామూలుగా ఎక్స్‌రేలో కనబడదు, కాబట్టి వేసిన సంగతి మీరే నోరు తెరిచి చెప్పాలి.