యూజర్ గారికి, పలాస నుంచి

యూజర్ గారికి నమస్కారాలు.

మీ పేరు నిన్ననే విన్నాను, కౌంటర్‌లో గుమాస్తా నోట. డబ్బు తీసుకోడానికి పిన్ని మిషన్ మీద బొటనవేలు పెట్టడం, "సరిపోలలేదు, మళ్లీ ప్రయత్నించండి" అని ఎర్ర లైటు వెలగడం. మధ్యాహ్నమంతా ఇదే భాగోతం. ఫోన్‌కి ఓటీపీ వచ్చే పద్ధతి ఉండేది కదండీ అని అడిగాను. "కొత్త వెర్షన్‌లో తీసేశారండీ, యూజర్‌కి ఈజీగా ఉంటుందని" అన్నాడు.

మీకు ఈజీ అయినందుకు చాలా సంతోషం.

ఇంటికొచ్చి మీ గురించి వాకబు చేశాను. డిజైన్ కంపెనీల్లో మిమ్మల్ని పర్సోనా అంటారట, అంటే వస్తువు ఎవరికోసమో ఆ వాడేమనిషిని ఊహించి రాసుకున్న బొమ్మ. అలన్ కూపర్ అనే ఆయన 1999లో ఒక పుస్తకం రాసి మీ వంశానికి పేరు తెచ్చాడట. ముందు నిజం మనుషులతో మాట్లాడి, వాళ్ల అవసరాల్లోంచి మిమ్మల్ని పుట్టించాలన్నది ఆయన పద్ధతి. మిమ్మల్ని పుట్టించినవాళ్లు ఎవరితో మాట్లాడారో గానీ మీకు సొంత ఫోను, నిండా సిగ్నలు, ఇంగ్లీషు, పైగా నున్నటి వేళ్లు.

ఆ వేళ్ల దగ్గరే నాకు మండుతోంది. పిన్నిది వయసులో ఉన్నప్పటి నుంచీ జీడి పిక్కల పని. గుల్లలోని సొన చర్మాన్ని తినేస్తుంది. "జీడికి ఏళ్లు అరిగిపోనాయి బాబూ, నానేటి సేసీది?" అని ఆవిడే గుమాస్తాకి సంజాయిషీ చెప్పుకుంది, తప్పేదో తనదైనట్టు. మీ డిజైనర్ ఏ జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గరో ఒక్క పూట నిలబడి, "అమ్మా, చేతులు చూపించండి" అంటే సరిపోయేది.

అలా చూసినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే ఆయన భార్యకి కీళ్లవాతం, కూరగాయల తొక్క తీసే పీలర్ పట్టుకోలేకపోయేది. ఆయన స్మార్ట్ డిజైన్ అనే కంపెనీ వాళ్లతో లావుపాటి మెత్తటి పిడి చేయించాడు. 1990లో ఆక్సో పేరుతో అమ్మకానికొచ్చింది. అంతదూరం ఎందుకు, మన పొందూరులో పత్తి దువ్వేది వాలుగ చేప దవడతో. గోడ మీద రంగు చీటీలు అంటించి ఏ వర్క్‌షాపులో కనిపెట్టారో కాస్త కనుక్కుని చెప్పండి.

ఇన్నోవేషన్ ఆగకూడదట. అందుకే కాబోలు, పోయినసారి నేర్చుకున్న మీట ఈసారి ఉండదు. కూర్చోడానికి కుర్చీ మాత్రం ఏ వెర్షన్‌లోనూ రాదు.

అన్నట్టు, చివర్లో ఆ మిషన్ "మా సేవ ఎలా ఉంది?" అని ఐదు నక్షత్రాలు చూపించింది. పని కాకుండానే! పిన్ని ఏదో అనుకుని అదే వేలు పెట్టింది. ఐదూ టకటకా వెలిగాయి. ఆ నక్షత్రాలు ఇప్పుడు నీ ఖాతాలో పడి ఉంటాయి కదా? ఎక్కడో మీటింగులో తెర మీద వేసి, యూజర్ హ్యాపీ అని చప్పట్లు కొట్టుకుంటారు కదా?

ఆవిడ డబ్బు ఇంకా అందులోనే ఉందయ్యా. సోమవారం మళ్లీ రమ్మన్నారు. నువ్వు రావు, నాకు తెలుసు. ఆ ఓటీపీ మీట ఎక్కడ దాచావో అదైనా చెప్పి చావు.